మోడల్ ఎం కీబోర్డు: చూసి కొనడం, శుభ్రం చేయడం, చేతికి అలవాటు చేసుకోవడం

మా షాపుకు అఫిడవిట్టు టైపు చేయించుకోవడానికి వచ్చేవాళ్ళు పేజీకి ఎంత అని అడగడానికంటే ముందు అడిగే మాట ఒకటుంది. "ఏందక్కా ఈ సౌండు?" ఆ సౌండు ఐబీఎం మోడల్ ఎం కీబోర్డుది. ఈ మధ్య కాలేజీ పిల్లలు కూడా దాన్ని చూసి, ఇలాంటిది ఎక్కడ దొరుకుతుంది, పాతది ఎలా నమ్మి కొనాలి అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక అంతా ఒకచోట రాస్తున్నాను. నేను ఇంజనీరును కాను. చిత్తూరులో టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళి రెమింగ్టన్ మిషన్ మీద లోయరు, హయ్యరు పాసై, తిరుపతిలో డీటీపీ పని చేసుకుంటున్న మనిషిని. కాబట్టి ఇందులో సర్క్యూట్ల సంగతి తక్కువ, వేళ్ళ సంగతి ఎక్కువ.

లోపల ఏముంది

ఇది ముందు తెలియాలి. కొనేటప్పుడు ఏం చూడాలన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది.

మామూలు కీబోర్డులో కీ కింద రబ్బరు బుడిపె ఉంటుంది. దాన్ని దాదాపు అడుగుదాకా నొక్కితేనే అక్షరం పడుతుంది. మోడల్ ఎంలో అలా కాదు. ప్రతి కీ కింద ఒక గొట్టం, అందులో నిలువుగా సన్నని చుట్టల స్ప్రింగు, స్ప్రింగు అడుగున చిన్న ప్లాస్టిక్ సుత్తి ఉంటాయి. కీ దిగేకొద్దీ స్ప్రింగు కుంచించుకుపోతుంది. ఒక హద్దు దాటగానే ఇక నిలబడలేక పక్కకు వంగిపోతుంది. వంగుతూ గొట్టం గోడకు కొట్టుకుని టక్కుమంటుంది. అదే క్షణంలో అడుగున సుత్తి ఊగి మెంబ్రేన్ షీట్లను, అంటే సర్క్యూట్ గీతలున్న పలచని ప్లాస్టిక్ పొరలను, నొక్కుతుంది, అక్షరం పడుతుంది. వేలికి తెలిసేదీ, చెవికి వినిపించేదీ, కంప్యూటరుకు అందేదీ అన్నీ ఆ ఒక్క వంపు నుంచే. వేలు తీస్తే స్ప్రింగు మళ్ళీ నిటారుగా లేస్తూ ఇంకో చిన్న చప్పుడు చేస్తుంది.

"మా టీవీఎస్ గోల్డ్ కూడా టకటకమంటుంది కదా" అంటారు డీటీపీ వాళ్ళు. నిజమే, అది మంచి కీబోర్డే. చాలా ఏళ్ళు అందులో చెర్రీ కంపెనీవాళ్ళ ఎంఎక్స్ బ్లూ స్విచ్చులు వచ్చేవి. వాటిలోనూ స్ప్రింగు ఉంది, కానీ దాని పనల్లా కీని తిరిగి పైకి తోయడమే. చప్పుడు చేసేది లోపల కదిలే ఇంకో ప్లాస్టిక్ ముక్క. అందుకే దాని చప్పుడు పలచగా, పైపైన ఉంటుంది. మోడల్ ఎం చప్పుడు లోతు నుంచి వస్తుంది, వెనకాల కొంచెం ఇనుము మోగుతుంది. లోపల నిజంగానే ఒక వంపు తిరిగిన ఉక్కు రేకు ఉంది మరి. కీబోర్డు బరువు 2 కిలోలు దాటడానికి కారణం అదే.

ఈ వంగే స్ప్రింగు పద్ధతి మీద పేటెంట్లు ఐబీఎంలో పనిచేసిన రిచర్డ్ హంటర్ హారిస్ పేరున ఉన్నాయి. 1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీతో ఇచ్చినది మోడల్ ఎఫ్. అందులో మెంబ్రేన్ ఉండదు, సుత్తి కింద కెపాసిటర్ పలకలుంటాయి. ఖర్చు తగ్గించుకోవడానికి మెంబ్రేన్ పెట్టి 1985లో మోడల్ ఎం తెచ్చారు. చేతికి మోడల్ ఎఫ్ ఇంకా తేలిక, ఇంకా స్పష్టం. ఎవరైనా ఇస్తానంటే వదులుకోవద్దు. అయితే దాన్ని నేటి కంప్యూటరుకు కలపడం పెద్ద తతంగం, లోపలి ఫోము పొడైపోయి ఉంటుంది. మొదటిసారి కొనేవాళ్ళకు మోడల్ ఎం చాలు.

ఎక్కడ, ఏది

ఐబీఎం 1978లో మన దేశం వదిలి వెళ్ళి, 1992లో టాటాలతో కలిసి తిరిగొచ్చింది. మోడల్ ఎం వెలిగిన కాలంలో చాలా భాగం ఆ కంపెనీయే ఇక్కడ లేదు. అందుకే మన ఊళ్ళలో పాత ఇనుము కొట్లలో వెతికితే దొరకడం కష్టం. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగితే ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్ ఎంతో దూరం లేదు. పాత సామాను అమ్మేవాళ్ళకు చెప్పి పెడితే ఎప్పుడో ఒకటి తగులుతుంది. అంతకంటే తేలిక దారి, అమెరికా నుంచి వచ్చే బంధువులు. పచ్చడి సీసాలతో వెళ్ళిన పెట్టెలో వచ్చేటప్పుడు చోటు ఉంటుంది. ఒక కీబోర్డుకు 2 కిలోల పైచిలుకు లెక్క వేసుకోమని మాత్రం ముందే చెప్పండి.

వెనక లేబులు మీద పార్ట్ నంబరు, తయారైన తేదీ ఉంటాయి. ఎక్కువగా కనిపించే నంబరు 1391401, అది 101 కీల మామూలు పీసీ కీబోర్డు. కళ్ళు మూసుకుని తీసుకోదగ్గది అదే. 1991లో ఐబీఎం నుంచి విడిపోయిన లెక్స్‌మార్క్ చేసినవి కూడా బాగానే ఉంటాయి. 1996 నుంచి కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో యూనికాంప్ ఇవే కొత్తగా చేస్తోంది. పాతదానితో తిప్పలు పడలేం అనుకునేవాళ్ళు అది తెప్పించుకోవచ్చు. 122 కీలతో పైన రెండు వరుసల ఫంక్షన్ కీలున్నది కనిపిస్తే ఆశపడకండి. అది పెద్ద కంప్యూటర్ల టెర్మినల్‌కు చేసింది, నేరుగా మీ పీసీకి పనికిరాదు.

ఇంకో సంగతి. మోడల్ ఎం అని లేబులు ఉండి కూడా లోపల రబ్బరు బుడిపెలతో వచ్చినవి ఉన్నాయి. అమ్మేవాడు అబద్ధమేమీ చెప్పడు, వాడికీ తెలియదు. ఒక కీ టోపీ గోటితో పైకి లాగి చూడండి. గొట్టంలో స్ప్రింగు కనిపిస్తే అసలుది. ఊరికే టోపీ మాత్రమే ఊడి, కింద ఇంకో ప్లాస్టిక్ కాడ మిగిలితే దాన్ని కూడా లాగాలి. చాలా మోడల్ ఎంలలో కీ రెండు ముక్కలుగా ఉంటుంది.

కొనేముందు వినండి

రంగు పచ్చబడిందా, గీతలున్నాయా అన్నది పక్కన పెట్టండి. కీల మీద అక్షరాలు రంగును ప్లాస్టిక్‌లోకి ఇంకించి వేసినవి, అరగవు. చూడాల్సింది లోపలి రివెట్లు, స్ప్రింగులు. ఆ రెండింటి సంగతీ విప్పకుండానే చెవితో, వేలితో తెలుస్తుంది.

మొదట కీబోర్డును రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ వంచి మెల్లగా ఊపండి. లోపల పలుకులు దొర్లినట్టు వినిపిస్తే అవి విరిగిన రివెట్ల తలలు. గొట్టాల పలకను ఉక్కు రేకుకు బిగించి ఉంచేది ఈ ప్లాస్టిక్ రివెట్లే. వయసుతో పెళుసెక్కి ఊడిపోతాయి. ఒకటీ అరా పోతే ఏమీ కాదు. ఒకే ప్రాంతంలో చాలా పోతే అక్కడ పలక పైకి లేచి, ఆ చుట్టూ కీలు మెత్తబడతాయి.

తర్వాత ఎడమ పై మూల నుంచి మొదలుపెట్టి ప్రతి కీనీ ఒకే వేలితో, ఒకే వేగంతో నొక్కండి. కంప్యూటరుకు తగిలించనక్కర్లేదు. మంచి కీ దిగేటప్పుడు ఒకసారి, లేచేటప్పుడు ఒకసారి స్పష్టంగా పలుకుతుంది. పాడైన కీ తడిసిన చెక్క మీద తట్టినట్టు మొద్దుగా ఉంటుంది, లేచేటప్పుడు చప్పుడే చేయదు. ఒక్క కీ అలా ఉంటే భయపడకండి. స్ప్రింగు కీ లోపలి మొన మీద సరిగా కూర్చోలేదంతే, టోపీ తీసి మళ్ళీ పెడితే చాలావరకు సరిపోతుంది. పక్కపక్కనే నాలుగైదు అలా ఉంటే మాత్రం రివెట్లు పోయినట్టు, లేదా ఎప్పుడో టీ ఒలికినట్టు. టీ ఒలికినదాన్ని కొనకండి. మెంబ్రేన్ మీది గీతలు తిని ఉంటాయి, కొత్త మెంబ్రేన్ ఇక్కడ దొరికే వస్తువు కాదు.

అన్ని కీల కంటే జాగ్రత్తగా చూడాల్సింది డి. ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషల కోసం చేసిన కీల అమరిక అది) తెలుగు కొట్టేవాళ్ళకు పొల్లు ఆ కీ మీదే ఉంటుంది. ప్రతి వత్తుకూ అది నొక్కాల్సిందే. ఇంగ్లీషు వాళ్ళకు డి ఒక మామూలు అక్షరం, మనకు అది ఎడమ మధ్యవేలికి రోజంతా పని.

స్ప్రింగు బిగువు కొలవాలనుకుంటే తూకం అక్కర్లేదు, పది రూపాయల బిళ్ళలు చాలు. ఒక్కోటి సుమారు 7.7 గ్రాములు ఉంటుంది. బిళ్ళ కీ కంటే వెడల్పు కాబట్టి పక్క కీలకు తగలకుండా కీ మీద చిన్న రబ్బరు ముక్క నిలబెట్టి, దాని మీద బిళ్ళలు ఒక్కొక్కటే పేర్చండి. పడేయకుండా, చెయ్యి వణకకుండా. సుమారు తొమ్మిది బిళ్ళల దగ్గర, అంటే 70 గ్రాములకు అటూ ఇటూగా, కీ టక్కుమని కూలుతుంది. ఒకటి రెండు బిళ్ళల తేడా ఉంటే ఉండనీండి. చూడాల్సింది కీకీ మధ్య తేడా. ఒక కీ ఐదు బిళ్ళలకే దిగిపోయి, పక్కది తొమ్మిదికి దిగితే ఆ ఐదు బిళ్ళల కీ కింద ఏదో లోపం ఉన్నట్టే. అమ్మేవాడు మిమ్మల్ని వింతగా చూస్తాడు, చూడనీండి. బిళ్ళలు మాత్రం లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి.

శుభ్రం చేయడం

ఇంటికి తెచ్చాక ముందు ఫోన్‌తో పైనుంచి ఒక ఫొటో తీసి పెట్టుకోండి, కీలు తిరిగి పెట్టేటప్పుడు కావాలి. టోపీలన్నీ తీసి గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో రుద్దండి. నీడలో, ఫ్యాను కింద బాగా ఆరనివ్వాలి. లోపలి గుంటల్లో నీళ్ళు దాక్కుంటాయి, తొందరపడకండి. స్పేస్‌బార్‌కు ఒక తీగ ఉంటుంది, దాన్ని నెమ్మదిగా విడిపించండి. కొన్ని పెద్ద కీల కింద చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. అవి పోతే ఆ కీ ఒక పక్కకు వాలిపోతుంది, గిన్నెలో వేసి పెట్టుకోండి.

కీబోర్డు లోపలికి మాత్రం నీళ్ళు పోయకూడదు. బ్లోయరు, పెయింటు బ్రష్షు, పట్టుకారు, ఇవే సాధనాలు. ధూళి, వెంట్రుకలు ఎక్కడైనా ఉండేవే. మన దగ్గర ఇంకోటుంది, కుంకుమ. ఆయుధపూజ నాడు మిషన్లకు గంధం, కుంకుమ పెడతాం కదా. కీల మీద పెట్టిన బొట్టు పొడి పొడిగా రాలి గొట్టాల్లోకి దిగుతుంది. స్ప్రింగు గోడకు రాసుకునే చోట చేరితే చప్పుడు గరగరగా మారుతుంది. మా షాపు కుర్రాడికి చెప్పాను, "అబ్బయ్యా, బొట్టు కీబోర్డు పక్కన అంచుకు పెట్టు, పూజ అక్కడా అందుతుంది." గొట్టంలో చేరిన కుంకుమకు తడి తగిలితే ముద్ద కడుతుంది. పొడిగానే బ్రష్షుతో కదిపి, కీబోర్డు బోర్లించి తట్టాలి.

నూనె వేయొద్దు. కుట్టుమిషన్ నూనె గానీ, కొబ్బరినూనె గానీ, తుప్పు స్ప్రే గానీ ఏదీ వద్దు. ఆ వారం మెత్తగానే ఉంటుంది, తర్వాత ఆ జిడ్డుకు దుమ్మంతా పట్టుకుంటుంది.

టోపీలు తిరిగి పెట్టేటప్పుడు ఒక కిటుకు ఉంది. కీబోర్డును బల్ల మీద పడుకోబెట్టి కాకుండా, స్పేస్‌బార్ పైకి ఉండేలా నిటారుగా నిలబెట్టండి. స్ప్రింగు సరైన పక్కకు వాలి నిలుస్తుంది. అప్పుడు కీని తిన్నగా నెడితే స్ప్రింగు కొన లోపలి మొన మీదకు ఎక్కుతుంది. పెట్టిన వెంటనే నొక్కి వినండి. మొద్దు చప్పుడు వస్తే తీసి మళ్ళీ పెట్టండి. అన్నీ పెట్టేసి చివర్లో చూద్దాం అనుకుంటే ఏది ఎక్కలేదో వెతుక్కోవాలి.

కేసు విప్పాలంటే వెనక అంచున లోతైన గుంటల్లో నాలుగు స్క్రూలు ఉంటాయి. వాటి తలలు ఆరు పలకలవి, 5.5 ఎంఎం. మామూలు స్పానరు ఆ గుంటలో పట్టదు. గోడ పలచగా ఉన్న పొడుగు బాక్స్ స్పానరు అడగండి. ఉక్కు రేకును విడదీసి రివెట్ల బదులు చిన్న బోల్టులు బిగించే పని కూడా ఉంది, కానీ రేకు విప్పగానే వందకు పైగా సుత్తులు, స్ప్రింగులు బల్ల మీద చెల్లాచెదురవుతాయి. రివెట్లు ఎక్కువ పోయి, కీలు నిజంగా పలకడం మానేస్తే తప్ప ఆ జోలికి పోవద్దు.

కంప్యూటరుకు కలపడం

మామూలు మోడల్ ఎం వైరుకు గుండ్రటి పీఎస్/2 పిన్ను ఉంటుంది. మీ పీసీకి ఆ పోర్టు ఉంటే, పీసీ ఆపి ఉన్నప్పుడే తగిలించండి. లేకపోతే లోపల చిప్పు ఉన్న యూఎస్‌బీ కన్వర్టరు కొనాలి. పాత కీబోర్డులతో ఉచితంగా వచ్చే చిన్న అడాప్టరు దీనికి పనిచేయదు. పాత మోడల్ ఎంలకు కరెంటు కాస్త ఎక్కువ కావాలి, చవక కన్వర్టర్లు కొన్ని దాన్ని మోయలేవు. దుకాణంలో కీబోర్డు తీసుకెళ్ళి తగిలించి చూసే కొనండి.

దీనికి విండోస్ కీ లేదు. తెలుగు, ఇంగ్లీషు మార్చుకోవడానికి ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కేలా సెట్ చేసుకోండి. కొన్ని మూడేసి అక్షరాలు ఒకేసారి నొక్కితే మూడోది పడదు. టైపింగ్‌లో అది తెలియను కూడా తెలియదు, గేములాడే పిల్లలకు మాత్రం చిరాకు.

చేతికి అలవాటు చేసుకోవడం

టైపు మిషన్ మీద నేర్చుకున్నవాళ్ళు దీన్ని బాదుతారు. మిషన్‌లో అచ్చుకడ్డీ కాగితాన్ని తాకేదాకా బలం వేలిదే కదా, ఆ అలవాటు. రబ్బరు కీబోర్డు మీద పెరిగినవాళ్ళు అడుగుదాకా నొక్కి అక్కడ ఇంకాస్త అదుముతారు, అక్షరం పడిందో లేదో తెలియక. ఇద్దరికీ మొదటి వారంలో వేళ్ళు నొప్పి పుడతాయి, ఇద్దరూ తప్పు స్ప్రింగుదే అంటారు.

ఇలా చేసి చూడండి. ఎఫ్ మీద చూపుడువేలు పెట్టి చాలా నెమ్మదిగా దించండి. బరువు పెరుగుతూ పోతుంది, పెరుగుతూ పోతుంది, ఒక్కసారిగా కింద ఏమీ లేనట్టు జారిపోతుంది. ఆ అంచు ఎక్కడుందో వేలికి తెలియాలి. తెలిసేదాకా అదే చేయండి. అంచు దాటాక కీ తనంతట తానే అడుగుకు దిగుతుంది, మీరు తోయనక్కర్లేదు. టక్కు వినగానే బలం తీసేయండి. ఇక లేచేటప్పుడు రెండో చప్పుడు వినండి. అది వినిపించాకే కీ మళ్ళీ కొట్టడానికి సిద్ధం. ఒకే అక్షరం రెండుసార్లు వచ్చేచోట రెండోది పడటంలేదంటే, వేలు పూర్తిగా లేవకముందే మళ్ళీ నొక్కుతున్నారన్నమాట.

ఇన్‌స్టిట్యూట్‌లో ఏఎస్‌డిఎఫ్‌జిఎఫ్ అని కొట్టించేవారు. తెలుగుకు నేను వేరే పాఠం ఇస్తాను. ఇన్‌స్క్రిప్ట్‌లో గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. "తిరుపతి" కొట్టండి. ఎల్, ఎఫ్, జె, జి, హెచ్, ఎల్, ఎఫ్. ఏడు కీలూ మధ్య వరుసలోనే ఉన్నాయి, చేతులు ఎక్కడికీ పోనక్కర్లేదు. ఏడు చప్పుళ్ళూ ఒకే ఎడంతో, ఒకే బరువుతో వినిపించేదాకా కొట్టండి. వేగం వద్దు. ఒక చప్పుడు గట్టిగా, ఒకటి పీలగా వస్తుంటే ఏ వేలు బాదుతోందో చెవే చెబుతుంది. కొత్తవాళ్ళకు ఎల్ మీది ఉంగరం వేలు వెనకబడుతుంది, దాన్ని తొందరపెట్టకుండా మిగతా వేళ్ళ వేగం తగ్గించండి.

అది కుదిరాక "చిత్తూరు". సెమికోలన్, ఎఫ్, ఎల్, డి, ఎల్, టి, జె, జి. ఇందులో చిటికెనవేలితో మొదలవుతుంది, వత్తు దగ్గర ఎల్, డి, ఎల్ అని చేతులు మారతాయి, టి కోసం చూపుడువేలు పైకి పోతుంది. డి మీద పొల్లు పడకముందే రెండో ఎల్ కొడితే "చితతూరు" అవుతుంది. తెర చూడకుండా చప్పుళ్ళు వింటూ కొట్టండి, ఎనిమిది వినిపించాయా లేదా అన్నదే లెక్క. మూడోది "శ్రీ". ఇక్కడ ఏ కాగితమూ అది లేకుండా మొదలవదు. ఎడమ చిటికెనవేలితో షిఫ్ట్ పట్టుకుని ఎం, షిఫ్ట్ వదిలి డి, జె, ఆర్. షిఫ్ట్‌లోనూ అదే బిగువైన స్ప్రింగు ఉంటుంది కాబట్టి చిటికెనవేలు మొదట్లో అలుస్తుంది. మణికట్టు బల్లకు ఆనించకుండా చేతిని గాలిలో ఉంచితే ఆ బరువును చెయ్యంతా పంచుకుంటుంది. కీబోర్డు ఎత్తు ఎక్కువ కాబట్టి కుర్చీని కూడా ఒక అంగుళం పైకి జరుపుకోండి.

డీటీపీకి వాడే అను ఫాంట్లలో మాడ్యులర్ అనే ఇంకో కీల అమరికతో కొట్టేవాళ్ళకు కీలు మారతాయి, పద్ధతి ఇదే. తరచు వచ్చే మాట ఒకటి ఎంచుకుని చప్పుళ్ళు సమం చేసుకోండి.

సౌండు గురించి

నెమ్మదిగా కొట్టినా ఇది పక్క గదికి వినిపిస్తుంది. అడుగున మందపాటి దుప్పటి మడతో, రబ్బరు మ్యాటో వేస్తే బల్ల దద్దరిల్లడం తగ్గుతుంది, టక్కు తగ్గదు. స్ప్రింగుల్లో పళ్ళు శుభ్రం చేసుకునే దారం ముక్కలు పెట్టి మోత తగ్గించేవాళ్ళున్నారు. నాకు నచ్చదు. అంత నిశ్శబ్దం కావాలనుకునేవాళ్ళు రబ్బరు కీబోర్డు కొనుక్కుంటే ఖర్చయినా మిగులుతుంది. నేనైతే రాత్రి తొమ్మిది దాటాక డిక్రీ కాపీలు, పెళ్ళి కార్డులు పాత టీవీఎస్ గోల్డ్ మీద కొడతాను, కొత్త థీసిస్ పని పగలు దీనిమీద పెట్టుకుంటాను. పైన కాపురమున్నవాళ్ళతో ఆ మేరకు ఒప్పందం.